గురువారం ఐస్‌క్రీం

నవంబరు 3

రాయమంది నర్సు. ఏదైనా సరే, రోజుకి నాలుగు ముక్కలు చాలంది. "మీకు బాగా ఇష్టమైన చోటు ఒకటి చెప్పండి" అంటే నా నోట్లోంచి ఐస్‌క్రీం పార్లరు అని వచ్చింది. ఎందుకు వచ్చిందో నాకే తెలియదు. పక్కన కూర్చున్న ఆయన తలెత్తి చూశాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ పార్లరు ఊసు ఆయన దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. "అయితే దాని గురించే రాయండి" అంది నర్సు. పాప గురించి రాయమంటుందేమోనని హడలిపోయాను. అనలేదు. మంచి మనిషి.

పార్లరు గురించి రాస్తాను.

రోడ్డు మీద నుంచి మూడు మెట్లు ఎక్కాలి. అద్దం తలుపు. తొయ్యగానే ముందు ముక్కుకి తగిలేది వెనిలా వాసన, ఆ వెనకే తడి గోనెపట్టా వాసన. ఎర్ర రెక్సిను సోఫాలు. నిక్కరేసుకుని కూర్చుంటే తొడలు అతుక్కుపోయేవి, లేచేటప్పుడు చర్రున చప్పుడయ్యేది. గోడలకి రెండు వైపులా అద్దాలు. ఒక అద్దంలో ఇంకో అద్దం, అందులో ఇంకోటి, ఎంత దూరం చూసినా నేనే. పొడుగు కాళ్ళ స్టీలు కప్పులు. కప్పు అంచుకి గుచ్చిన వేఫరు. దాన్ని ముందు తినాలా చివర తినాలా అనేది ఆ వయసులో పెద్ద సమస్య.

ఇంతకు మించి ఇవాళ చేతకాదు.


నవంబరు 4

ఏమీ లేదు.


నవంబరు 7

ఆయన ఐస్‌క్రీం డబ్బా తెచ్చాడు. నర్సు దగ్గర విన్నాడుగా. నిన్న వెనిలా, ఇవాళ స్ట్రాబెర్రీ. "తింటావా?" అన్నాడు. "తర్వాత" అన్నాను. ఫ్రీజరులో పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆయనది లిఫ్టులు బాగుచేసే పని. పెళ్ళైన కొత్తలో లిఫ్టు దొరగారూ అని ఏడిపించేదాన్ని. పాప పోయిన వారానికే పనిలోకి వెళ్ళాడు. శనివారాలు కూడా ఓవర్‌టైం అంటాడు. పొద్దున్నే బూట్లు తుడుచుకుంటాడు, డబ్బాలో అన్నం పెట్టుకుంటాడు, వెళ్తాడు, వస్తాడు. కూరలో ఉప్పు తక్కువైతే వేసుకుంటాడు. ఆయన బాగానే ఉన్నాడు.

అమ్మ ఫోన్ చేసింది. "మర్చిపోవాలమ్మా, ఇంకా వయసుంది, మళ్ళీ పుడతారు" అంది. రోజూ ఇదే మాట. సరేనన్నాను. రోజూ అదే సరే.


నవంబరు 12

ఆ పార్లరుకి నన్ను తీసుకెళ్ళింది అత్త. మా నాన్న చెల్లెలు.

నాకు ఏడేళ్ళు. వేసవి సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్ళి తిరిగొచ్చేసరికి అత్త మా ఇంట్లో ఉంది. ఒంట్లో బాగాలేదని, కొన్నాళ్ళు ఇక్కడే ఉంటుందని చెప్పారు. మామయ్యకి ఎక్కడో దూరాన ఉద్యోగం. మొదట్లో అత్త మంచం దిగేది కాదు. తర్వాత లేచి తిరిగింది. మా వీధి చివర టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే పనికి కుదిరింది. దానికి గురువారం సెలవు. మా బడి నాలుగింటికి వదిలేవాళ్ళు. గురువారం నాడు గేటు దగ్గర అమ్మ బదులు అత్త ఉండేది. ఇస్త్రీ చీర, నల్లకళ్ళద్దాలు, చేతిలో గొడుగు. మిగతా పిల్లలంతా నోళ్ళు వెళ్ళబెట్టి చూసేవాళ్ళు. నా గర్వం చూడాలి!

ఇంటికి వెళ్ళేవాళ్ళం కాదు. ఎదురు దిశలో నడిచేవాళ్ళం. సైకిలు షాపు దాటి, మందుల కొట్టు దాటి, ఆ మూడు మెట్లు.

కౌంటరు వెనక స్వెట్టరు తాత. అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే లోపల మెడదాకా గుండీలు పెట్టుకున్న ఊదారంగు స్వెట్టరు. "ఎండాకాలం ఎందుకు వేసుకుంటావు తాతా?" అంటే "పొద్దస్తమానం మంచుపెట్టెలో చెయ్యి పెడతానమ్మా, నాకు ఏడాది పొడుగునా చలికాలమే" అనేవాడు. నేను ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చోగానే రెండు చేతులూ కట్టుకుని "మేడమ్‌గారికి ఏం సెలవు?" అని అడిగేవాడు. చెయ్యి ఊపి "పిస్తా" అనేదాన్ని. వేరేది తినలేదని కాదు. రెండుసార్లు తిన్నాను. పిస్తానే పిస్తా.

అత్తకీ పిస్తానే. రెండు చెంచాలు తిని, మిగిలింది నా కప్పులోకి వంచేసేది. నేను తింటుంటే చెంప కింద చెయ్యి పెట్టుకుని చూసేది. రెండో చేతి వేళ్ళు టేబులు మీద టైపు కొడుతుండేవి, తనకి తెలియకుండానే.

ఎంత హాయిగా ఉండేదో! లోకంలో ఇంకెక్కడా నాకు అంత హాయిగా లేదు.

రాస్తుంటే నిజంగానే కొంచెం తేలికైంది. నర్సుకి చెప్పాలి.


నవంబరు 15

చిన్నగది తలుపు మూసి ఉంది. ఆయనే మూశాడు. అందులో పాప ఊయలమంచం ఉండేది. దాన్ని ఊడదీస్తున్న చప్పుడు నేను ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు పక్కమీద పడుకుని విన్నాను. ఒక్కో మర తిప్పడం, పళ్ళెంలో వేయడం. తిప్పడం, వేయడం. ఎవరింట్లోనో లిఫ్టు బాగుచేస్తున్నట్టు.

ఒక సంగతి రాసేస్తే పోతుంది.

ఏడున్నర నెలలకి నొప్పులు వచ్చాయి. ఆపరేషను చేశారు. తర్వాత నాకు జ్వరం, ఒళ్ళంతా విషమెక్కిందన్నారు, చాలా రోజులు మనిషిని కాను. తెలివొచ్చేసరికి అన్నీ అయిపోయాయి. పాప పుట్టిందీ లేదు, ఉందీ లేదు. ఆయనే తీసుకెళ్ళి పూడ్చిపెట్టి వచ్చేశాడు. నాకు చూపించలేదు. ఆగలేదు. కన్నది నేను. చూసింది ఆయన.

ఎక్కడ పూడ్చిందీ నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

అంతే. రాసేశాను. పోలేదు.


నవంబరు 16

బటర్‌స్కాచ్.


నవంబరు 21

ఇవాళ పనిలోకి వెళ్ళాను.

కళ్ళజోళ్ళ షాపులో ఏదీ మారలేదు. గోడ పొడుగునా ఫ్రేములు, వెనకగదిలో అద్దాలు అరగదీసే యంత్రం, దాని నీళ్ళ చప్పుడు, తెల్లటి పొడి. షాపావిడ నన్ను చూడగానే కౌంటరు దాటి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఈ పరాయి దేశంలో మనుషులు మామూలుగా ఒకరినొకరు ముట్టుకోరు. తర్వాత "వెనక పని చాలా ఉంది" అంది. బతికించింది.

రోజంతా వెనకగదిలోనే కూర్చున్నాను. ఇసుకరేణువంత మరలు. అవి బిగించేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. వేరే ఆలోచన వస్తే మర ఎగిరిపోతుంది. ఒక్కటీ ఎగరలేదు.

నేను కూడా బాగానే ఉన్నాను.


నవంబరు 29

పొద్దున షాపావిడ లోపలికి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది. "నేనే చేస్తాను, నీకు చెప్పి వెళ్దామని" అంది. ఆవిడ చేతులు ఈ మధ్య వణుకుతున్నాయి. చిన్న ఫ్రేములు పట్టలేదు. "ఎవరు?" అన్నాను. "చంటిబిడ్డ" అంది.

నేను చేస్తానన్నాను.

ఏడెనిమిది నెలలుంటాయి. మెల్లకన్ను. తల్లి ఒళ్ళో కూర్చుని తన బూటు తనే నములుతోంది. చంటిపిల్లల కళ్ళజోడుకి చెవికొమ్ములు ఉండవు, తల వెనక నుంచి మెత్తటి పట్టీ. ముక్కు ఇంకా లేచి ఉండదు కనక రబ్బరు ఫ్రేము నుదుటికి ఆనుతుంది. తొడిగి సరిచూడాలంటే బిడ్డ ముఖం దగ్గరగా ముఖం పెట్టాలి. పెట్టాను. పాలవాసన. నా ముక్కు పట్టుకుంది. వదలదే! తల్లి "అయ్యో, క్షమించండి" అంటోంది. "పరవాలేదు" అన్నాను. పట్టీ సరిచేశాను. ఒక వేలు పట్టే సందుండాలి, ఉందో లేదో చూశాను. బిడ్డ ఒక్క క్షణం కదలకుండా తల్లి ముఖం కేసి చూసింది. మొదటిసారి తిన్నగా కనిపించినట్టుంది. కిలకిలా నవ్వింది. తల్లి ఏడ్చేసింది.

"మీకు పిల్లలున్నారా?" అని అడిగింది తల్లి. ఎంత ఓపికగా చేశారో అన్న మెచ్చుకోలుతో.

లేరన్నాను.

వెనక్కి వచ్చి యంత్రం ఆన్ చేశాను. అద్దం పెట్టలేదు. ఊరికే, చప్పుడు కోసం.

మధ్యాహ్నం భోజనం మానేసి కూర్చుని టికెట్ కొన్నాను. వచ్చే నెల ఇరవైన. వెళ్ళడానికే. రావడానికి కొనలేదు.


డిసెంబరు 2

చెప్పేశాను. ఆయన బఠాణీ పొట్లం ఫ్రీజరులో పెట్టబోతున్నాడు. పట్టడం లేదు. లోపలంతా డబ్బాలు. ఏ ఒక్కదానికీ మూత తీయలేదు.

"మా ఊరు వెళ్తున్నాను. అత్త దగ్గర ఉంటాను" అన్నాను.

"మంచిదే. కొన్నాళ్ళు మార్పుగా ఉంటుంది. ఎప్పుడు వస్తావు?"

"తెలియదు."

బఠాణీ పొట్లం ఇటు తిప్పి పెట్టి చూశాడు, అటు తిప్పి పెట్టి చూశాడు.

"రిటర్న్ ఎప్పటికి తీసుకున్నావు?"

"తీసుకోలేదు."

"ఓహో" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఓహో ఏంటి? అంతేనా?"

"ఏమనమంటావు మరి?"

"ఏదో ఒకటి అనండి! ఇన్ని డబ్బాలు ఎందుకు తెస్తున్నారు? నేను తింటున్నానా? బఠాణీకి చోటు లేకుండా చేశారు!"

"బఠాణీ వండేద్దాంలే" అన్నాడు.

వండాడు. ఇద్దరం తిన్నాం. చాలా బాగుంది, అదే బాధ.


డిసెంబరు 3

వెళ్ళొద్దని ఒక్క మాట అనలేదు. ఆయన బాగానే ఉన్నాడని రాస్తూ వచ్చాను కదా. నిజమే రాశాను.


డిసెంబరు 5

ఊరు వెళ్ళగానే మొదట పార్లరుకే వెళ్తాను. అత్తని తీసుకెళ్తాను. ఈసారి నేను గేటు దగ్గర నిలబడతాను.

వర్షాకాలంలో ఒక గురువారం జడివాన పట్టుకుంది. దుకాణంలో మేమిద్దరమే. కరెంటు పోయింది. స్వెట్టరు తాత కొవ్వొత్తి వెలిగించి మా టేబులు మీద పెట్టాడు. రెండు వైపులా అద్దాలు, ఒక కొవ్వొత్తి వందయింది. "అత్తా, మనం ఎంతమందిమో చూడు" అన్నాను. అత్త చూసింది. కరెంటు లేక పెట్టెలో సరుకంతా కరిగిపోతుందని తాత రంగురంగులవన్నీ గరిటెలతో తెచ్చి మా కప్పుల్లో పోశాడు. "ఇవాళ మీ అదృష్టం, నా ఖర్మ" అన్నాడు. అత్త ఎంత నవ్విందో! నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. ఎంతసేపు తుడుచుకుందో.

ఎందుకో ఇవాళ ఆ తుడుచుకోవడమే కళ్ళముందు ఆడుతోంది.


డిసెంబరు 8

పొద్దున అత్తకి ఫోన్ చేశాను. ఆయన అప్పటికే పనికి వెళ్ళిపోయాడు. అంతా రాసిపెట్టుకోవాలి, ఒక్క ముక్క పోకుండా.

"అత్తా, పార్లరు గుర్తుందా?" అన్నాను.

"గుర్తులేకపోవడమేంటే. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు."

"అదేంటి, తీసేశారా?"

"ఎప్పుడో! స్వెట్టరాయన పోయాక పిల్లలు అమ్మేసుకున్నారు. మెట్లు కూడా కొట్టేశారు, రోడ్డు వెడల్పు చేస్తూ. నీకు చెప్పలేదూ?"

ఎవరూ చెప్పలేదు. నేను ఇన్నాళ్ళూ దాన్ని తెరిచి ఉంచాను, లైట్లు వేసి, ఆయన్ని స్వెట్టరుతో సహా నిలబెట్టి. ముక్కు ఎగబీల్చాను.

"ఏడుస్తున్నావా? ఐస్‌క్రీం కొట్టు కోసమా?" అంది అత్త.

"అవును" అన్నాను.

"ఏడు."

ఆ ఒక్క మాట నాతో ఎవరూ అనలేదు.

కాసేపయ్యాక చెప్పాను, వచ్చేస్తున్నానని, తన దగ్గరే ఉంటానని.

"రా. ఎన్నాళ్ళు?"

"ఉంటాను అత్తా. ఎన్నాళ్ళంటే ఏం చెప్పను?"

"మరి అతను?"

"ఆయన బాగానే ఉన్నాడు."

"నేను అడిగింది అది కాదు" అంది. తర్వాత ఏదో కుర్చీ లాక్కున్న చప్పుడు. "నీకు ఏడేళ్ళప్పుడు నేను మీ ఇంటికి ఎందుకొచ్చానో తెలుసా?"

"ఒంట్లో బాగాలేక."

"పురిటికొచ్చానే."

నేను చెవి దగ్గర ఫోను గట్టిగా పట్టుకున్నాను.

"నువ్వు అమ్మమ్మగారింట్లో ఉన్నావు. నెలలు నిండాయి. ఇంట్లోనే అయింది. ఆడపిల్ల అని మాత్రం చెప్పారు. ఏడుపు వినపడలేదు. మీ నాయనమ్మ గుడ్డలో చుట్టి పక్కగదిలోకి తీసుకెళ్ళింది, మీ తాతయ్య బయటికి తీసుకెళ్ళాడు. నేను తల ఎత్తి చూద్దామంటే నర్సు భుజాలు నొక్కి పట్టుకుంది. అంతా నా మంచి కోసమే. చూస్తే మర్చిపోలేనని."

"మామయ్య?"

"ఆయన రైల్లో ఉన్నాడు పాపం. దిగేసరికి ఏముంది?"

అత్త గొంతు ఎప్పటిలాగే ఉంది. టైపు పాఠం చెప్పినట్టు, ఒక్కో అక్షరం.

"తర్వాత ఒకసారి మీ నాయనమ్మని అడిగాను. అమ్మా, ఎలా ఉంది అని. 'ఎలా ఉంటే ఏంటే ఇప్పుడు, మందు మింగు' అంది. మింగాను. మళ్ళీ అడగలేదు. ఇంకెవరూ ఎత్తలేదు. నీకు కూడా ఒంట్లో బాగాలేదనే చెప్పారు. అలా మంచంలో ఉన్నదాన్ని, ఒకరోజు మీ అమ్మకి జ్వరమొస్తే నిన్ను బడి నుంచి తేవడానికి నేను వచ్చాను. ఎండ మండిపోతోంది. నువ్వు దాహం దాహం అని చంపుతున్నావు. ఐస్‌క్రీం కొట్టు కనపడితే ఎక్కాం. ఆ స్వెట్టరాయన 'మీ పాపకి ఏమివ్వమంటారమ్మా' అన్నాడు."

"అవునా?"

"మా పాప కాదండీ, మా అన్నయ్య కూతురు అని నోటిదాకా వచ్చింది. నువ్వు అద్దంలో నాలుక చాపుకుని చూసుకుంటున్నావు. 'పిస్తా ఇవ్వండి' అన్నాను. అంతే. మళ్ళీ గురువారం ఎప్పుడొస్తుందా అని కూర్చున్నాను. ఊళ్ళో నన్నెరగని చోటు అదొక్కటే. అక్కడ నువ్వు నా కూతురివి."

"మరి ఐస్‌క్రీం..." అన్నాను.

"నాకు ఐస్‌క్రీం పడదే! పళ్ళు జివ్వుమంటాయి. రెండు చెంచాలకే ప్రాణం మీదికొచ్చేది."

నేను నవ్వాను. ఏడుస్తూనే నవ్వాను. మిగిలింది నా కప్పులోకి వంచేస్తుంటే అత్తకి నేనంటే ఎంత ప్రేమో అనుకునేదాన్ని. నిజంగా ఎంత ప్రేమో.

"కోపమొచ్చిందా?" అంది.

"ఎందుకు?"

"నిన్ను అలా అబద్ధానికి వాడుకున్నానని."

"నేనూ నిన్ను పిస్తా కోసం వాడుకున్నాగా."

అత్త కూడా నవ్వింది. తర్వాత అంది, నాకు ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తోంది:

"చూడు. నేను ఇప్పుడు అడుగుదామన్నా చెప్పేవాళ్ళు లేరు. మీ నాయనమ్మ పోయింది, తాతయ్య పోయాడు, ఆ నర్సు ఎక్కడుందో తెలియదు. దాని ముఖం చూసినవాళ్ళు ఈ భూమ్మీద ఒక్కళ్ళూ మిగల్లేదు. నీకు అలా కాదు కదా. చూసినవాడు నీ ఇంట్లోనే ఉన్నాడు. నువ్వు రా, నేను వద్దనను. నా ఇల్లు నీదే. కానీ అడిగి రా."


డిసెంబరు 9

అడగలేదు. ఆయన వచ్చాడు, స్నానం చేశాడు, తిన్నాడు. మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ ఉప్పు గురించే మాట్లాడాను.


డిసెంబరు 10

ఆదివారం. మధ్యాహ్నం.

వంటింటి కుళాయి కారుతోందని ఆయన సింకు కింద దూరి పడుకున్నాడు. కాళ్ళు బయటికి, తల లోపల. ముఖం కనపడడం లేదు కనక నాకు ధైర్యం వచ్చింది. గుమ్మంలో నేల మీద కూర్చున్నాను.

"ఎవరి పోలిక?" అన్నాను.

రెంచీ చప్పుడు ఆగింది.

తర్వాత కింద నుంచే అన్నాడు, "చెవులు నీవి."

"నా చెవులా?"

"పైన అంచు మడతపడి ఉంటుంది చూడు నీకు, కుడివైపు, ఎవరో కాగితం మూల మడిచినట్టు. అచ్చం అదే. ఇంతే ఉంది చెవి, అందులోనే ఆ మడత."

"జుట్టు?"

"ఎంత జుట్టో! నల్లగా. తడిగా ఉంటే నర్సు తుడిచింది. తుడిస్తే ఇలా లేచి నిలబడింది."

"కళ్ళు?"

"మూసుకునే ఉంది. రెప్పలున్నాయి పొడుగ్గా."

"బరువు?"

ఆలోచించాడు. "నా సంచీలో పెద్ద రెంచీ ఉంటుంది చూడు. అంత. మొదట రెంచీ అంతేనా అనిపించింది. కాసేపు ఎత్తుకునేసరికి చెయ్యి లాగేసింది. ఎందుకో తెలియదు. రెంచీ రోజంతా పట్టుకుంటాను నేను."

"ఎంతసేపు ఎత్తుకున్నారు?"

"అడిగేదాకా. ఇచ్చేయమని వాళ్ళు అడిగేదాకా."

కుళాయి కారుతూనే ఉంది. గిన్నెలో చుక్క పడుతోంది.

"చేతులు?" అన్నాను.

ఆయన గొంతు మారిపోయింది. "వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. పిల్లలు వేలు పట్టుకుంటారు కదా. పట్టుకోదని తెలుసు. నేనే విప్పి నా వేలి చుట్టూ పెట్టుకున్నాను."

నేను పాక్కుంటూ వెళ్ళి ఆయన మోకాలు పట్టుకున్నాను.

"నాకోసం ఎందుకు ఆగలేదు? నాకెందుకు చూపించలేదు?"

"ఆగానే. వాళ్ళు ఉంచగలిగినన్ని రోజులూ ఉంచమన్నాను. ఇక కుదరదన్నాక నీ దగ్గరికొచ్చి అడిగాను. సరేనన్నావు."

"నేనా?"

"జ్వరంలో ఉన్నావు. నన్ను చూసి 'నాన్నా, సరే' అన్నావు. అది లెక్కలోకి రాదని నాకు తెలుసు. కానీ ఇంకెవరిని అడగను?"

"ఇంటికొచ్చాకైనా చెప్పొచ్చుగా! ఇన్ని రోజులు!"

"నీ అంతట నువ్వు అడిగేదాకా ఎత్తొద్దంది డాక్టరమ్మ. ఇవాళ అడుగుతావు, ఇవాళ అడుగుతావు అని రోజూ వచ్చేవాణ్ణి. నువ్వు నా ముఖమే చూడవు. ఐస్‌క్రీం తెస్తే పక్కన కూర్చుని తింటావేమో, కూర్చుంటే అడుగుతావేమో అనుకున్నాను."

అప్పుడు ఏడ్చాడు. సింకు కింద, పైపు పట్టుకుని. నేను ఆయన ఏడవగా ఎప్పుడూ వినలేదు. ఊపిరాడనివాడిలా, ఒక్కో ఏడుపుకీ మోకాలు అదిరింది. ఎంతకీ ఆగలేదు. బయటికి రమ్మంటే రానన్నాడు. నేనే ఎలాగో లోపలికి తల దూర్చాను. ఇద్దరికీ చోటు లేదు. అక్కడే ఉన్నాం.

ఆయన బాగాలేడు. ఇంతకాలం బాగాలేడు.


డిసెంబరు 11

అదే పదిసార్లు చెప్పించుకున్నాను. చెవి. జుట్టు. రెప్పలు. పదిసార్లూ కొత్తగానే చెప్పాడు.


డిసెంబరు 14

పాప దగ్గరికి వెళ్ళాం. బస్సు దిగి కొంచెం నడవాలి. పిల్లలవి వేరే వరస ఉంది, గోడవార. ఆయన దారి చూసుకోలేదు, కాళ్ళే తీసుకెళ్ళాయి. అప్పుడర్థమైంది, శనివారం ఓవర్‌టైం అని వెళ్ళేది ఎక్కడికో.

గడ్డి తడిగా ఉంది. నేను వంగి చెయ్యి ఆనించాను. చల్లగా తగిలింది. ఆయన మామూలు గొంతుతో "అమ్మ వచ్చిందిరా" అన్నాడు. ఎన్నిసార్లు మాట్లాడి ఉంటే అంత మామూలుగా వస్తుంది?

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాడు, "ఇరవైన వెళ్తావా?"

"వెళ్ళాలనే ఉంది. అత్తని చూడాలి. మీరు కూడా రండి."

"సెలవు దొరకాలి."

"దొరికినప్పుడే వెళ్దాం."

"ఆ టికెట్?"

"పోతే పోనీండి" అన్నాను.

ఇంటికొచ్చి స్ట్రాబెర్రీ డబ్బా మూత తీశాం. నిండా మంచుపొడి. దాన్ని గీకేసి ఇద్దరం చెరో చెంచా తీసుకున్నాం. నాకు రుచి తెలియలేదు. ఆయనకీ తెలియలేదట. అయినా తిన్నాం.


డిసెంబరు 17

అత్త ఫోన్ చేసింది. హలో కూడా అనలేదు.

"అడిగావా?"

"అడిగాను."

"చెప్పాడా?"

"చెప్పాడు అత్తా. అంతా చెప్పాడు."

అవతల ఎవరో గేటు తీసిన చప్పుడు, మామయ్య ఎవరితోనో మాట్లాడుతున్న మాటలు. అత్త లేచి తలుపు వేసినట్టుంది. ఆ చప్పుళ్ళు పోయాయి.

"నాకూ చెప్పవే" అంది.

చెప్పాను. జుట్టు ఎంతుందో, తుడిస్తే ఎలా లేచి నిలబడిందో. రెప్పలు. వేళ్ళ గోళ్ళు. ఆయన వేలి చుట్టూ పెట్టుకున్న వేళ్ళు. అత్త మధ్యలో ఒక్కసారి కూడా ఊకొట్టలేదు. లైను తెగిపోయిందేమోనని "అత్తా?" అంటే "ఉన్నా, చెప్పు" అంది. చెవి సంగతి చివర చెప్పాను. అంచు మడతపడి ఉందని, కాగితం మూల మడిచినట్టు ఉందని.

"కుడి చెవా?" అంది.

"కుడే."

"అది మనింటి చెవే. మీ నాన్నకి ఉంది. మీ నాయనమ్మకి ఉండేది. నాకూ ఉంది, చెవుల మీదికి జుట్టు దువ్వుకుంటాను కనక నువ్వు చూసి ఉండవు."

తర్వాత చిన్నపిల్ల ఏదో అడగనా వద్దా అని అడిగినట్టు అడిగింది:

"అయితే నా దానికీ ఉండే ఉంటుంది కదే?"

"ఉండే ఉంటుంది అత్తా" అన్నాను.